గీతల బండ

వైశాఖం. నలభై ఏడు.
బల్లార్షా స్టేషన్ బయట తారు రోడ్డు
చెప్పు అడుగును పట్టుకొని వదలడం లేదు.
ఓదెక్క గోనెసంచి విప్పి, ఊక దులిపి
తిరగేసిన చిత్రిక మీద ఐసుగడ్డను తోస్తుంది.
కింద రాలేది పొడి,
దూది ఏకినట్టు.
గుప్పిట్లోకి తీసుకొని ఒకసారి నొక్కితే సగమవుతుంది.
ఇంకోసారి నొక్కితే గుండవుతుంది.
"నొక్కకుంటె పుల్ల నిలువది,
మరీ నొక్కితె రంగు తాగది" అంటుంది.
ఎక్కడ ఆపాలో ఆమె చేతికి ఎరుక.

నిన్న ఇరై ఊరి దగ్గర
ఉజ్వలా మేడం చీపురుతో ఒక బండను ఊడ్చింది.
డ్రిల్లింగు ఆపి అందరం చుట్టూ మూగాం.
సున్నపురాయి మీద గీతలు,
ఒకే దిక్కుకు, దువ్వెనతో దువ్వినట్టు.
ఎడ్లబండి ఇరుసు రాసుకుందేమో అన్నాను.
కాదు, పొక్లెయిన్ పళ్ళు అన్నాడు మారుతి గెడాం.
"మంచు" అంది ఆమె.
చాందా జిల్లాలో, మే నెలలో,
తల మీద తడిగుడ్డ కట్టుకున్న ఏడుగురం
ఒక్కసారే నవ్వాం.

మాకు మంచు అంటే ఒకటే మాట.
మాఘంలో జొన్నకంకి మీద తడి మంచే,
రైలును ఆలస్యం చేసే తెలుపు మంచే,
హిమాలయం మీదిదీ మంచే.
అవసరం పడలేదు మాకు.
ఎండకైతే ఉన్నాయి:
ఉక్క, ఉడుకు, కాక, సెగ, వడ.
అందుకని ఆమె చేతులతో చెప్పింది.

చలికాలం కురుస్తుంది.
ఎండాకాలం వచ్చి అంతా కరిగించలేక వెళ్ళిపోతుంది.
కొంచెం మిగులుతుంది.
మొదలు అదే, మిగలడం.
(నెలాఖరుకు ఎన్నడూ ఏమీ మిగలని నా ఇల్లు
హిమానీనదం అయ్యే భయం లేదనుకున్నాను.)
మిగిలినదాని మీద మళ్ళీ కురుస్తుంది.
కొత్త మంచుకు ఆరు చేతులుంటాయట.
పైబరువుకు ఆ చేతులు విరిగి
ఉప్పుగల్లులా గుండ్రబడుతుంది,
పక్కదాన్ని ఒరుసుకుంటుంది.
సందుల్లోని గాలి కొంత పైకి పారిపోతుంది,
పోలేనిది
బుడగై లోపలే మూతపడుతుంది,
ఏ ఏటి గాలి ఆ ఏటిదిగా.
నూరేళ్ళకు తెలుపు పోయి నీలం వస్తుంది.

ఆ తర్వాత ఒకనాడు,
తాటిచెట్లు నాలుగైదు నిలబెట్టినంత మందమయ్యాక,
ఎవరూ తోయకుండానే
తన బరువుకు తానే కదులుతుంది,
అరికాలికి అంటిన రాళ్ళతో నేలను గీసుకుంటూ.
రోజుకు జానెడో, బెత్తెడో.

ఆ నడకే ఇది అని
గీతలో వేలు పెట్టి చూపింది.
ముప్పై కోట్ల ఏళ్ళట.
అది కరిగిపోయాకే ఇక్కడ అడవి,
అడవి కూలాకే బొగ్గు,
బొగ్గు దొరికాకే మా తాత
మంథని అవతలి నుంచి పార పట్టుకొని రావడం.
మారుతి బండ మీద అరచెయ్యి ఆనించి
చురుక్కుమని తీసేశాడు.
"చల్లారలేదు ఇంకా" అన్నాడు.
ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఒకటి ఆమెకు చెప్పలేదు.
పోయిన నెల కంపెనీ ఆసుపత్రిలో
నా ఛాతీ ఫిల్మును కిటికీ వెలుగుకు పట్టి
డాక్టరు కాసేపు ఊరుకున్నాడు.
నల్లటి రెండు లోయల్లో
సన్నగా, తెల్లగా, కురిసినట్టుంది.
పద్దెనిమిదేళ్ళ డ్రిల్లు పొడి.
షిఫ్టు షిఫ్టుకూ దగ్గినంత దగ్గాక
మిగిలింది.

"ఏ రంగు పొయ్యాలె?" అంటోంది ఓదెక్క.
రంగు వద్దు, ఉత్తదే ఇయ్యి అన్నాను.
వింతగా చూసి ఇచ్చింది.
చివరి ముక్క దాకా చప్పరించాను.
ఎక్కడ దాక్కుందో,
దులిపినా పోని ఊకపలుకు ఒకటి
నాలుక మీద సన్నగా
గీసుకుంటూ పోయింది.